బండి కడుపు కడిగిన ఎండకాలం

మా కారు మొట్టమొదటి కిరాయికే నడి రోడ్డు మీద పొగ గక్కింది. బోయినపల్లి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనంగ. వైశాఖం ఎండ, డాంబర్ మీద సెగలు లేస్తున్నయ్. వెనక సీట్ల లగ్గానికి పోయే ముగ్గురు చుట్టాలు, స్టీరింగ్ కాడ మా ఆయన శ్రీశైలం, పక్కకు నేను. నేనెందుకంటే ఉత్తగనే. పాత బండే గని మా ఇంటికొచ్చి పదిహేను దినాలు కాలే. అది ఎటు పోతే అటు నేను గూడ పోవాలె అన్నంత సంబురం నాకు.

ముల్లును ముందుగాల చూసింది నేనే. ఇంజన్ వేడి చూపెట్టే ముల్లు ఎర్రగీత ఎక్కి కూసున్నది.

"ఏమయ్యా, గా ముల్లు గట్లెందుకున్నది?" అన్న.

ఆయన చప్పున పక్కకు ఆపిండు. బానెట్ లేపంగనే ఉస్సుమని ఆవిరి. చుట్టాలు దిగి తుమ్మచెట్టు నీడకు ఉరికిన్రు. "లగ్నం పదకొండు గంటలకే తమ్మీ, ఎట్ల చేస్తవో ఏమో!" అని ఒకాయన అక్కడ్నుంచే ఒర్రుతున్నడు. ఆ ఒర్రుడుకు మా ఆయన ఆగమైండు. టవల్ చేతికి చుట్టుకొని రేడియేటర్ మూత తిప్పిండు.

నేను "ఆగు" అనేలోపే మరిగే నీళ్ళు ఎగజిమ్మినయ్. మొఖం తప్పించుకున్నడు గని కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాక ఎర్రగ కందిపోయింది. తాగే నీళ్ళ బాటిళ్ళన్నీ ఆ చేతి మీదనే కుమ్మరించిన.

చుట్టాలు ఆటో పట్టుకొని పోయిన్రు. మేము బండి సల్లారేదాక చెట్టు కిందనే కూసొని, పక్క పొలం బోరు నీళ్ళు బండిల పోసుకొని, మెల్లగ సిరిసిల్లకు వాపస్ వచ్చినం. ఊరు దగ్గరపడ్డంక ఆయన అన్నడు: "నిన్న సేఠ్ ఫోన్ చేసిండు. సాంచలు ఖాళీగున్నయట."

అంటే మళ్ళ భీవండికి రమ్మని.

పదకొండేండ్లు మా ఆయన బొంబాయి దగ్గరి భీవండిల ఆ సేఠ్ సాంచలు నడిపిండు. మరమగ్గాలను మా దిక్కు సాంచలంటరు. బతుకమ్మకొకసారి, ఎవలదన్న లగ్గమైతే ఒకసారి ఇంటికొచ్చుడు. నేను ఇక్కడ నూలు కండెలు చుట్టుకుంట మా అత్తమ్మ కొమురవ్వతోని ఉంటున్న. ఈసారి వచ్చినప్పుడు ఈ తెల్లకారు కొన్నడు. "ఈ ఎండకాలం లగ్గాల సీజన్ చూద్దాం. బండి నడిస్తే ఇక్కడ్నే ఉంట. నడువకుంటే మిరుగం వానలు పడ్డంక భీవండి" అన్నడు. ఆ మాటకే నాకు గాల్లె తేలినట్టుండె. ఇప్పుడేమో మొదటి కిరాయికే ఇట్లాయె.

తెల్లారి శనివారం బైపాస్ మీద ఒక మెకానిక్‌కు చూపెట్టినం. ఆయన బానెట్ లేపి, రెండు నిమిషాలు చూసి, చేతులు తుడుసుకున్నడు. "ఇంజన్ దించాలె. పెట్టి పోండ్రి. పది దినాలు పడ్తది."

పది దినాలు! మా వాడకట్టుల భూమన్న బావ బిడ్డ అలేఖ్య లగ్గం వచ్చే గురువారమే. మొగపిల్లగానోళ్ళది బీర్పూర్, అక్కడ్నే లగ్గం. పెండ్లిపిల్లను తీస్కపోయేది మా కారే అని బండి కొన్న దినమే మాటనుకున్నం. బండి ఆగిన సంగతి వాడకట్టంత తెల్సిపోయింది. సాయంత్రం భూమన్న బావ గడపల నిలబడ్డడు. లోపలికి రమ్మంటే రాలే.

"ఏమనుకోకు శ్రీశైలం. పెండ్లిపిల్ల నడి రోడ్డు మీద నిలబడితే మంచిగుండదు. వేరే బండి చూసుకుంట."

మా ఆయన తల ఊపిండు. నాకు ఎక్కడ్నుంచి వచ్చిందో ధైర్యం, "బావా, మంగళారం దాక ఆగు. మంగళారం నువ్వే వచ్చి బండెక్కి చూడు. నచ్చకుంటే అప్పుడు వేరే బండి చెప్పుకో" అన్న.

ఆయన మా ఇద్దరి మొఖాలు చూసి, "సరే, మంగళారం" అనుకుంట పోయిండు.

"ఏం చూసుకొని అన్నవ్ గా మాట?" అన్నడు మా ఆయన.

అత్తమ్మే లేచింది. "మా తమ్మునికి ఫోన్ కలుపుండ్రి" అన్నది.

మా అత్తమ్మ తమ్ముడు మొండయ్యది కోరుట్ల. ముప్పై ఒక్కేండ్లు బస్సు నడిపి రిటైరైండు. ఫోన్ స్పీకర్ల పెట్టిన. అత్తమ్మ ముచ్చటంత చెప్పింది.

"అక్కా, ఫోన్ కోడలికియ్యి. బిడ్డా, నేనడిగిన దానికి చెప్పు. ఆ బండికి ఏం నీళ్ళు పోస్తున్రు?"

"బోరు నీళ్ళు మామయ్యా. కొన్నప్పుడు గవ్వే ఉన్నయ్, మేము గవ్వే పోస్తున్నం."

"రంగు నీళ్ళు ఉంటయ్ చూడు, కూలెంట్ అంటరు, అది పొయ్యలే?"

"లే."

"మంచిది. ఇప్పుడు పోయి ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడు. ఆయిల్ పాలచాయ లెక్కుంటే నీళ్ళు కలిసినట్టు."

ఫోన్ పట్టుకొనే ఉరికిన. కడ్డీ తీసి వేలికి రాసుకొని చూసిన. "నల్లగనే ఉన్నది మామయ్యా!"

"పొద్దుగాల స్టార్ట్ చేస్తే గొట్టంల నుంచి గుప్పుగుప్పున తెల్లపొగ వస్తున్నదా?"

"లేదు."

"ముల్లు ఎప్పుడు పైకి పోతున్నది?"

"ఎత్తెక్కేటప్పుడు. ఎండల నిలబడ్డప్పుడు."

ఆయన నవ్వు ఇల్లంత వినొచ్చింది. "ఇంజన్ దించుడు లేదు, ఏం లేదు! బోరు నీళ్ళ ఉప్పు పట్టుకొని, తుప్పు పట్టుకొని, రేడియేటర్ పూడుకపోయుంటది. దానికి కడుపు కడగాలె, మంచి నీళ్ళు పొయ్యాలె. గంతే. ఇంటికాడనే చేసుకోవచ్చు."

అత్తమ్మ కండ్లు మెరిసినయ్. ఆమె ముప్పై ఏండ్లు అద్దకం కార్ఖానల నూలుకు రంగులేసిన మనిషి. "తమ్మీ, మా కార్ఖాన బాయిలర్ల గూడ గిట్లనే అయితుండె. బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నం లెక్క పొరలు కడుతుండె. గీకి గీకి తీస్తుంటిమి."

"గదే అక్కా! గా బాయిలరే అనుకో. కానీ ఒక్కటి యాదుంచుకోండ్రి. వేడి మీద మూత ముట్టొద్దు."

"మరిగే గాబు మూత మొఖం పెట్టి తీసేటోడు మా ఇంట్లనే పుట్టె" అని అత్తమ్మ కొడుకు దిక్కు చూసింది. ఆయన గూడ నవ్విండు. బండి ఆగినంక నవ్వుడు అదే మొదలు.

ఆ రాత్రే బజార్లకు పోయి లోపల కడిగే మందు ఒక సీసా, కూలెంట్ డబ్బా, డిస్టిల్డ్ వాటర్ తెచ్చినం. మా ఆయన సీసాలను ఎగాదిగా చూసిండు. "సాంచ అయితే కండ్లు మూసుకొని విప్పుత. ఇది నాకు తెల్వదు."

"నాకు మాత్రం తెల్సా? విప్పేది, బిగించేదే గదా" అన్న. నాకైతే ఎప్పుడు తెల్లారుతదా అనుండె.

ఆదివారం పొద్దు పొడువంగనే మొదలువెట్టినం. ఇంజన్ సల్లగ ఉన్నదా లేదా అని అత్తమ్మ చెయ్యి పెట్టి చూసినంకనే మూత తియ్యనిచ్చింది. కింద పెద్ద టబ్బు పెట్టినం. రేడియేటర్ అడుగున నీళ్ళు విడిచే బిరడ ఉంటదని మామయ్య చెప్పిండు. అది బిగుసుకపోయి తిరుగుతలేదు. గట్టిగ తిప్పితే విరుగుతదని మా ఆయన దాన్ని విడిచిపెట్టి, కింది రబ్బరు పైపు క్లిప్పు వదులు చేసిండు. కాలిన కుడిచేతికి కట్టుండె, ఎడమచేత్తోనే పైపును అటు ఇటు కదిపి గుంజిండు.

బుడ్‌మని వచ్చినయ్ నీళ్ళు! ఇటుకపొడి కలిపినట్టు, చిక్కగ, పొలుసులు పొలుసులుగ తుప్పు.

"అబ్బో!" అన్నడు మా ఆయన. పండుకొని చూస్తున్నోడు మొఖమంత తుంపర్లతోని లేచిండు.

అత్తమ్మ టబ్బుల వేలు ముంచింది. "ఇది పాన్‌ల పూసే కాసు రంగు. ఇంత ముదురు రంగు నేను గూడ ఎన్నడు అద్దలే."

ఆ నీళ్ళు మోరీల పారబోద్దామని నేను టబ్బు లేపబోతే వద్దన్నది. "మేకలు తాగుతయ్, కుక్కలు తాగుతయ్. ఎన్కట రంగునీళ్ళు తాగి మన మేక సచ్చింది. డబ్బాలల్ల పోసి మూత పెట్టు." గట్లనే చేసిన.

పైపు మళ్ళ ఎక్కించి, నల్లా నీళ్ళు, మందు కలిపి పోసినం. ఇంజన్ స్టార్ట్ చెయ్యాలె, హీటర్ ఫుల్ పెట్టాలె. హీటర్ తిరిగితేనే లోపలి సందులల్ల గూడ నీళ్ళు పారుతయట. మా ఆయన బానెట్ కాడుంటే సీట్ల కూసున్నది నేను. గేర్ న్యూట్రల్ అని, హ్యాండ్‌బ్రేక్ అని రెండుసార్లు చూపెట్టిండు. తాళంచెవి తిప్పిన. బండి గుర్రుమన్నది. నా ఒళ్ళంత పులకరించింది. పదిహేను దినాలు పక్క సీట్లె కూసున్నా గని, గీ సీట్ల నుంచి బండి పెద్దగ అనిపించింది.

బయట నలభై మూడు డిగ్రీల ఎండ, లోపల హీటర్! వాడకట్టు ఆడోళ్ళంత ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డరు. "వసంతకు చలి పెడ్తున్నదట!" అని ఒకామె. "ఎండదెబ్బకు మతి పోయింది" అని ఇంకొకామె. నేను చెమటలు కార్చుకుంట, నవ్వుకుంట, యాక్సిలేటర్ మీద కాలు పెట్టి కూసున్న.

గమ్మత్తేందంటే హీటర్ల నుంచి వేడి గాలే రాలే. మామయ్యకు ఫోన్ చేస్తే, "హీటర్ సందు గూడ పూడుకపోయింది బిడ్డా. విడిచిపెట్టకుండ్రి. కడుగుకుంట పోండ్రి" అన్నడు.

పావుగంట నడిపి ఆపుడు, సల్లారేదాక గంటలు గంటలు ఆగుడు, విడుచుడు, మళ్ళ నింపుడు. ఆదివారం మూడుసార్లు అయ్యింది. మూడోసారి హీటర్ల నుంచి గోరువెచ్చని గాలి నా మోకాళ్ళకు తాకింది. "వస్తున్నది! వేడి వస్తున్నది!" అని కేక పెట్టిన. ఆ ఎండల వేడిగాలి వచ్చిందని సంబురపడ్డది నేనొక్కదాన్నే అయ్యుంట.

సోమవారం చీకట్లనే మొదలువెట్టినం. నాలుగోసారి నీళ్ళు ఉడికిన కందిపప్పు కట్టు రంగు. ఐదోది నిమ్మరసం రంగు.

"చాలు అవ్వా, తేటైంది" అన్నడు మా ఆయన.

అత్తమ్మ లోపలికి పోయి తెల్లనూలు చిన్న చుట్ట తెచ్చింది. టబ్బుల ముంచి, పిండి, ఎండకు పట్టి చూసింది. నూలు మీద పలుచటి పసుపు జీర. "ఏది తేట? గిట్ల కడిగి నూలు ఇస్తే మొదటి ఉతుకుకే రంగు దిగుతదని మొఖం మీద కొడుతుండె మా కార్ఖాన సేటు. మళ్ళ పొయ్యి."

ఆరోసారి పోసి, విడిచి, మళ్ళ ముంచింది. నూలు పాలలెక్క ఉన్నది. ఆమె అది నా చేతిల పెట్టి, "ఇగ పొయ్యుండ్రి మీ రంగు" అన్నది.

మేము ఎగిరి గంతేసేలోపే కింద టప్ మని చుక్క పడ్డది. ఇంకొకటి. కింది పైపు చివర పగిలింది. ఇన్ని దినాలు తుప్పే దాని పగులుకు పట్టీ వేసినట్టుండె. కడిగేసరికి పట్టీ పోయింది.

మా ఆయన పానా నేల మీద విసిరిండు. అది ఖంగుమని గోడకు తాకింది. "ఒకటి చేస్తే ఇంకొకటి. సాంచకు దారం తెగితే ముడేస్త. దీనికేం చెయ్యాలె? నాకు భీవండే నయ్యం."

ఆయన పోయి అరుగు మీద అటు మొఖం తిప్పి కూసున్నడు. చేతి కట్టు తడిసి మసి అయ్యింది. టైం మధ్యాహ్నం పన్నెండు దాటుతున్నది, తెల్లారితే మంగళారం. నేనే కారు కింద పండుకొని, రెండు దినాల సంది ఆయన చేసింది చూస్తనే ఉన్న గనక, రెండో దిక్కు క్లిప్పు గూడ విప్పి పైపును గుంజి తీసిన. కొంగుల చుట్టుకొని బజార్లకు నడిచిన.

దుకాణపాయన పైపును చూడకముందే నన్ను చూసిండు. "మగోళ్ళను పంపమ్మా. సైజులు ఉంటయ్, తేడా వస్తే వాపస్ తీసుకోం."

పైపు తీసి కౌంటర్ మీద పెట్టిన. "మగోళ్ళు తెచ్చినా ఆడోళ్ళు తెచ్చినా దీని సైజు గిదే అన్నా. రెండు వంపులున్నయ్, గిట్లనే ఉండాలె. కొత్త క్లిప్పులు గూడ రెండియ్యి."

ఆయన గమ్మున లోపలికి పోయి మూడు పైపులు తెచ్చిండు. పాతదాని పక్కన పెట్టి వంపులు వంపులు కలిపి చూసుకొని ఒకటి తీసుకున్న. వచ్చేటప్పుడు ఎండ తెల్వనే లే. నేను నడిచిన్నో ఉరికిన్నో యాదికి లేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అరుగు మీద లేడు. కారు కిందున్నడు. పైపు కూసునే మూతులను గుడ్డతోని నున్నగ తుడుస్తున్నడు. చెయ్యి బయటికి చాపిండు. పైపు ఆ చేతిల పెట్టిన. ఆయన దాన్ని తిప్పి చూసి, "కరెక్ట్ తెచ్చినవ్" అన్నడు. గంతే.

నాలుగు గంటలకు నింపుడు మొదలువెట్టినం. లోపల గాలి చిక్కుకుంటే మళ్ళ వేడెక్కుతదని, ముందటి చక్రాలు ఎత్తుల ఉండాలెనని మామయ్య చెప్పిండు. మా ఇంటి ముందటి సిమెంట్ ర్యాంపు మీదికి బండిని ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టినం. కడిగిన బకెట్ల సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఆకుపచ్చగ మెరుస్తున్నది. అత్తమ్మ వంగి చూసి, "చిలకపచ్చ! గిది మంచి రంగు" అని మురిసింది.

ఆయన సన్నటి ధారగ పోసిండు. నిండిందనుకుంటే గుటుక్కుమని దిగుతున్నది, మళ్ళ పోసుడు. మూత పెట్టకుండనే నేను ఇంజన్ స్టార్ట్ చేసి హీటర్ పెట్టిన. ఆయన మందం గుడ్డ పట్టుకొని పై పైపును ఒత్తుతున్నడు. ఒత్తినప్పుడల్ల బుడుంగ్ బుడుంగ్ అని బుడగలు పైకి వస్తున్నయ్. భూమన్న బావ భార్య సంధ్యారాణి అక్క, అలేఖ్య గూడ వచ్చి నిలబడ్డరు. అలేఖ్య చేతులకు పసుపు పెట్టిన్రు.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. అది డాష్‌బోర్డు మీదున్నది. తెర మీద సేఠ్ పేరు.

"సేఠ్" అన్న నేను.

"చేతులు ఖాళీ లేవు. స్పీకర్ల పెట్టు."

పెట్టిన. "శ్రీశైలం, పరసోం కీ గాడీ సే ఆ జావ్. దో లైన్ ఖాలీ హై" అన్నడు అటు నుంచి సేఠ్. ఎల్లుండి రైలుకు రమ్మని, రెండు వరుసల సాంచలు ఖాళీగున్నయని.

ఆయన పైపు ఒత్తుడు ఆపలే. బుడగల మీది నుంచి కన్ను తియ్యలే. "సేఠ్, గాడీ మే పానీ డాల్ రహా హూఁ. బాద్ మే" అన్నడు. అని, "వసంతా, జర రేస్ ఇయ్యి. దిగుతున్నది" అన్నడు.

నేను ఫోన్ బంద్ చేసి కాలు ఒత్తిన. సేఠ్‌కు ఆయన చెప్పింది, బండిల నీళ్ళు పోస్తున్న, తర్వాత చూద్దాం అని. ఆయన ఆ రోజు వాపస్ ఫోన్ చెయ్యలే. తెల్లారి గూడ చెయ్యలే.

బుడగలు తక్కువైనయ్. హీటర్ల నుంచి భగభగ వేడి గాలి. పై పైపు వేడెక్కింది, కింది పైపు గూడ వేడెక్కింది. ఆయన నీళ్ళు మూతి దాక నింపి మూత బిగించి, చేతులు నడుముకు పెట్టుకొని నిలబడ్డడు. ముల్లు మెల్లగ లేస్తున్నది. పావు. పావు దాటింది. సగం.

"ఎంతున్నది?" 

"సగం."

"ఇప్పుడు?"

"సగం దాటుతున్నది."

గిర్రుమన్నది ఫ్యాను! ఒక్కసారిగ రేడియేటర్ వెనక గాలి లేచి, ఆయన మొఖం మీది దుమ్ము ఎగిరిపోయింది. ముల్లు ఆగింది. ఆగి, వెంట్రుకంత కిందికి దిగింది.

"దిగింది! దిగింది!" అని హారన్ కొట్టిన. వాడకట్టంత బయటికొచ్చింది. అత్తమ్మ చప్పట్లు కొట్టింది. అలేఖ్య పసుపు చేతులతోని నా చెంపలు పట్టుకొని, "చిన్నమ్మా, నేను గీ కారుల్నే పోత" అన్నది.

మంగళారం భూమన్న బావ నిజంగనే వచ్చి ముందటి సీట్ల కూసున్నడు. వేములవాడ దాక పోయి వచ్చేదాక ఆయన రోడ్డు చూడలే, ముల్లునే చూసిండు. దిగినంక, "గురువారం పొద్దుగాల ఆరు గంటలకు" అని చెప్పి పోయిండు. బండి సల్లారినంక రేడియేటర్ పక్కనుండే కూలెంట్ డబ్బాల గీత చూస్తే వేలెడంత తగ్గింది. మా ఆయన కలిపి పెట్టిన పచ్చనీళ్ళు గీత దాక పోసిండు.

గురువారం వెనక సీట్ల అలేఖ్య, సంధ్యారాణి అక్క, తమ్మున్ని చూడాలెనని మా అత్తమ్మ. ముందట మేమిద్దరం. నా ఒళ్ళె పచ్చనీళ్ళ బాటిల్, పెండ్లిపిల్ల పూలబుట్ట. మిగతా చుట్టాలు వెనక బస్సుల.

రుద్రంగి దాటేటప్పుడు ఎత్తు మీద లారీ వెనక చిక్కుకున్నం. ముల్లు సగం కాడ మేకు కొట్టినట్టున్నది. కోరుట్లల మొండయ్య మామయ్య బస్టాండ్ ముందట నిలబడ్డడు. అత్తమ్మ దిగంగనే ఆమెను పలకరించుడు మాని బానెట్ మీద చెయ్యి పెట్టి, చెవి పెట్టి విన్నడు. "మంచిగున్నది అల్లుడా. గీ చప్పుడు మంచిగున్నది" అని మా ఆయన భుజం కొట్టిండు.

అసలు పరీక్ష జగిత్యాలల. టవర్ సర్కిల్ కాడ ఎదురుంగ ఇంకో లగ్గం బరాత్, బ్యాండు, డ్యాన్సులు, నాలుగు దిక్కుల నుంచి ఆటోలు. ఇరవై నిమిషాలు బండి ఇంచు కదలలే. పొద్దుగాలనే మాడ్చే ఎండ. ముందట ఒక ఆటో బుస్సుమని ఆగిపోయింది.

"ఏసీ బంద్ చేద్దామా తమ్మీ?" అన్నది సంధ్యారాణి అక్క భయంగ.

మా ఆయన ముల్లును చూసిండు. నన్ను చూసిండు. "వద్దక్కా. ఉండనియ్యి. పెండ్లిపిల్ల మొఖానికి చెమటలు పట్టొద్దు."

ఫ్యాను గిర్రుమన్నది, ఆగింది, మళ్ళ గిర్రుమన్నది. బరాత్ పిల్లలు మా అద్దం కాడికొచ్చి పెండ్లిపిల్లను చూసి ఇంకా జోరుగ దుంకిన్రు. అలేఖ్య లోపల కూసునే చేతులు ఊపుతున్నది. నేను గూడ ఊపిన. మా ఆయన స్టీరింగ్ మీద బ్యాండుకు తాళం వేస్తున్నడు. ఆయన గిట్ల తాళం వేసుడు నేను ఎన్నడు చూడలే.

బీర్పూర్‌కు లగ్నానికి గంట ముందుగాలనే చేరినం. అలేఖ్య దిగుతుంటే మొగపిల్లగానోళ్ళు డప్పులతోని ఎదురొచ్చిన్రు. మేము బువ్వ తిని, తలంబ్రాలు చూసి, నాలుగు గంటలకు మళ్ళినం. అత్తమ్మ కోరుట్లల తమ్మునింటికాడనే ఆగింది, కారుల మేమిద్దరమే. ఆయన చెయ్యి మీది కట్టు అంతకు ముందటి దినమే విప్పిండు. కొత్త చర్మం లేత గులాబి రంగుల ఉన్నది.

ఊరి బయట వడ్లు కొనే సెంటర్ ఉన్నది. కొనుడైపోయి జాగ ఖాళీగ, నున్నగున్నది. ఆయన బండిని అందులకు తిప్పి ఆపిండు.

"ఏమైంది?" అని నేను ముల్లు దిక్కు చూసిన.

"బండికేం కాలే. దిగు. ఇటొచ్చి కూసో."

"నేనా?"

"సీజన్ల ఒక్క డ్రైవర్‌తోని ఎట్లయితది? నేర్చుకో. ఆఫీసుకు పోయి లైసెన్సు గూడ తీసుకుందాం."

నేను అటు తిరిగొచ్చి కూసున్న. చేతులు ఎక్కడ పెట్టాల్నో తెల్వక స్టీరింగ్‌ను గట్టిగ పట్టుకున్న. "నాకు వస్తదా? ఎన్ని దినాలు పడ్తది?" అన్న.

"ఎన్ని దినాలైతే గన్ని" అన్నడు, సీటు వెనక్కి ఒరగేసుకుంట. "నేనెక్కడికన్న పోయేదున్నదా?"

ఆయన ఆ మాట ఉత్తగ అన్నట్టే అన్నడు. నా కండ్లల్ల నీళ్ళకు ఖాళీ జాగంత మసకైంది. తుడుసుకున్న. క్లచ్ ఒత్తి, తాళంచెవి తిప్పి, గేర్ వేసిన.

మూడుసార్లు బండి ఎగిరి ఆగిపోయింది. నాలుగోసారి కదిలింది.